బట్టీ బాకీ కింద అమ్మను, తమ్ముడిని ఆపేశారు. ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర ఒక పల్లె. ఎస్సీలం. మూడేళ్ల కిందట అక్క ఆపరేషన్ కోసం మా నాయన ఒక మేస్త్రీ దగ్గర 80 వేలు అడ్వాన్సు తీసుకుని, అమ్మను, తమ్ముడిని వెంటబెట్టుకుని కర్ణాటకలో ఇటుక బట్టీకి పోయినాడు. పోయినేడు జబ్బు చేసి చనిపోయినాడు. ఇంకా లక్షా పది వేలు బాకీ ఉందని, అది తీరేదాకా కదలడానికి లేదని అమ్మను, పదహారేళ్ల తమ్ముడిని అక్కడే పెట్టుకున్నారు. ఇద్దరి ఆధార్ కార్డులూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఉగాదికి అమ్మను పంపినారు గానీ, తిరిగి వస్తుందో రాదోనని తమ్ముడిని పంపలేదు. నాయన పోయినాక అమ్మతో ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకున్నారు. వెళ్లిపోతే చీటింగ్ కేసు పెడతామని బెదిరిస్తున్నారు. నేను డిగ్రీ చదువుతున్నాను. బానిసత్వం 1843లోనే రద్దయిందని క్లాసులో చెప్పారు. మరి మా ఇంట్లో జరుగుతున్నది ఏమిటి? బాకీ ఎగ్గొడితే పాపం, హరిశ్చంద్రుడు ఆలుబిడ్డల్ని అమ్మి మరీ తీర్చలేదా అంటుంది అమ్మ. ఎలాగైనా అప్పు తెచ్చి కట్టేయాలా?

జవాబు: కట్టొద్దు. ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. దానికోసం ఇంకోచోట అప్పు అసలే చేయొద్దు.

మీరు రాసినదాన్ని బట్టి ఇది వెట్టిచాకిరి. దీన్ని నిషేధిస్తూ 1975 అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది, 1976లో అది చట్టమైంది. ఆ చట్టం రకరకాల ప్రాంతాల్లోని వెట్టి పద్ధతుల పేర్లను వరసగా చెబుతుంది. మన దగ్గరి పాలేరు పద్ధతి, వెట్టి ఆ వరసలో ఉన్నాయి. అసలు పేరుతో పనిలేదు. అడ్వాన్సు తీసుకున్నందుకు బదులుగా కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయాల్సి రావడం, వేరే పనికి పోయే వీలు లేకపోవడం, ఇష్టమొచ్చిన చోటికి కదిలే స్వేచ్ఛ లేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. మీ వాళ్ల విషయంలో కదలనివ్వకపోవడం స్పష్టంగా కనిపిస్తోంది. కార్డులు లాక్కున్నారు. ఒకరు ఇంటికొస్తే ఇంకొకరిని తాకట్టు వస్తువులా ఉంచుకున్నారు. కాళ్లకు గొలుసు, గదికి తాళం ఉండాలని చట్టం ఎక్కడా అనలేదు.

80 వేలు మూడేళ్ల చాకిరీ తర్వాత లక్షా పది వేలు ఎలా అయింది? ఇలాంటి కేసుల్లో మేస్త్రీ దగ్గర ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఒక పక్క వారం వారం ఖర్చులకిచ్చిన డబ్బు, బియ్యం, మందులు, బస్సు చార్జీ. ఇంకో పక్క వెయ్యి ఇటుకకు ఇంత అని కూలి. వానకు తడిసిన ఇటుక, విరిగిన ఇటుక లెక్కలోకి రావు. ముగ్గురు పని చేసినా పేరు ఒక్కరిదే ఉంటుంది. లెక్క చూసేది సీజను అయిపోయాకనే, ఆ లెక్క వేసేది కూడా వాళ్లే. అప్పుకు బదులుగా చేసిన పని విలువను అప్పులో సరిగా తగ్గించకపోయినా, ఎంతకాలం చేయాలో హద్దు లేకపోయినా అది బానిసత్వం లాంటిదేనని 1956లో ఐక్యరాజ్య సమితి ఒప్పందం చెప్పింది. మీ అమ్మగారిని ఆ పుస్తకం గురించి అడగండి. దొరికితే ప్రతి పేజీ ఫొటో తీయించండి. దొరక్కపోతే వారానికి ఎంత ఇచ్చారు, రోజుకు ఎన్ని ఇటుకలు కోశారు, ఆమెకు గుర్తున్నంత వరకు తేదీలతో రాసిపెట్టండి.

ఇక 1843 సంగతి. క్లాసులో చెప్పింది నిజమే. అప్పటికి ఈస్టిండియా కంపెనీవాళ్లు కర్నూలు నవాబును దించి నాలుగేళ్లయింది. ఆదోని 1800 నుంచే వాళ్ల చేతిలో ఉంది. కాబట్టి ఆ చట్టం మన ప్రాంతానికీ వర్తించింది. కాకపోతే అది చేసిన పని చిన్నది. ఒక మనిషి నా సొత్తు అని ఎవరైనా వస్తే కోర్టులు వినవు అని ముఖ్యంగా చెప్పింది. మనిషిని కొనడం, అమ్మడం నేరమైంది 1862లో శిక్షాస్మృతి అమల్లోకి వచ్చాకే. ఈ మధ్యలో, 1859లో, బ్రిటిష్ ప్రభుత్వం ఇంకో చట్టం తెచ్చింది. అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలీని మేజిస్ట్రేటు ముందుకు లాగి, పని చేయమని ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. వినకపోతే జైలు. అది 1920ల దాకా నడిచింది. మనిషిని సొత్తుగా చూడటం కాగితం మీద పోయింది, అడ్వాన్సు ఆ స్థానంలోకి వచ్చింది. ఈ చరిత్ర మీకు ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మిమ్మల్ని చీటింగ్ కేసు అని బెదిరిస్తున్నవాళ్లు వాడుతున్నది ఆ పాత ఆయుధమే.

అమెరికాలోనూ అచ్చం ఇలాగే జరిగింది. అక్కడ 1865లో రాజ్యాంగ సవరణతో బానిసత్వం పోయింది. కానీ అలబామా రాష్ట్రం, అడ్వాన్సు తీసుకుని పని వదిలేస్తే మోసం చేసినట్టే లెక్క అని చట్టం చేసుకుంది. బెయిలీ అనే నల్లజాతి కూలీ 15 డాలర్ల అడ్వాన్సు తీసుకుని, నెల దాటాక పని మానేసినందుకు శిక్ష పడింది. 1911లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అప్పు తీర్చడానికి మనిషితో బలవంతంగా పని చేయించడం ఏ రూపంలో ఉన్నా చెల్లదంది. మన దగ్గరా చీటింగ్ కేసు నిలబడాలంటే, డబ్బు తీసుకునే రోజునే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ఒక కుటుంబం మూడేళ్లుగా ఒళ్లు దాచుకోకుండా పని చేసిన చోట ఆ మాట నిలవదు. ఆ టెన్షన్ వదిలేయండి.

ప్రోనోటు విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వెట్టి బాకీ వసూలుకు సివిల్ కోర్టులో దావా వేయడానికే వీల్లేదని 1976 చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. అది వెట్టి బాకీ అని మీరు అంటే, కాదని నిరూపించాల్సిన భారం అప్పిచ్చినవాడిదేనని పదిహేనో సెక్షన్. అయినా వాళ్లు ఖాళీ నోటు నింపుకుని మామూలు చేబదులు అని దావా వేయవచ్చు. సమన్లు వస్తే తీసుకోండి, వాయిదాకు హాజరవ్వండి, వెట్టి సంగతి జవాబు దావాలో రాయించండి. సమన్లు అందిన 30 రోజుల్లోపు అది దాఖలు కావాలి. కోర్టు మెట్లెక్కడం ఎందుకులే అని ఊరుకుంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండానే వాళ్ల వైపు తీర్పు, అయిపోతుంది. నిజం మన పక్కనున్నా భయంతో వాయిదాకు రాక ఓడిపోయేవాళ్లను చూస్తుంటే కడుపు రగిలిపోతుంది. ఇంకో మాట, ఇది మామూలు అప్పే అనుకున్నా తండ్రి బాకీకి కొడుకు ఒళ్లు పూచీ కాదు. తండ్రి వదిలిన ఆస్తి ఉంటే ఆ మేరకే.

మీ అమ్మగారి మాట దగ్గరికి వస్తాను. ఆమె నిజాయితీకి నమస్కారం. మన వైపు తెల్లవార్లూ ఆడే హరిశ్చంద్ర నాటకంలో కాశీ సీను ఆమె చూసే ఉంటుంది. విశ్వామిత్రుడి రుణం కోసం చంద్రమతినీ లోహితాస్యుడినీ అమ్మే ఘట్టంలో జనం ఏడుస్తారు. కానీ కొన్న కాలకౌశికుణ్ణి ఎవరూ మెచ్చుకోరు. చట్టం చూపు ఆ కొన్నవాడి మీద ఉంది. వెట్టి బాకీ కింద డబ్బు తీసుకుంటే తీసుకున్నవాడికే మూడేళ్ల దాకా జైలు. పైగా మీ వాళ్లు బాకీ పడి లేరు, వాళ్లకే కూలి రావాల్సి ఉంది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకున్న పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ కూలీల (ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం కట్టడాలు కట్టినవాళ్ల) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట ఆమెకు నెమ్మదిగా చెప్పండి. ఆమె మనసు కుదుటపడకుండా ఫిర్యాదు ముందుకు పోదు.

ఇప్పుడు చేయాల్సింది. బట్టీ ఉన్న జిల్లా మేజిస్ట్రేటుకు అర్జీ రాయండి. కర్ణాటకలో ఆయన్ను డిప్యూటీ కమిషనర్ అంటారు, కింద సబ్ డివిజన్‌లో అసిస్టెంట్ కమిషనర్ ఉంటారు. ప్రతులు కర్నూలు కలెక్టరుకూ, రెండు జిల్లాల న్యాయసేవాధికార సంస్థలకూ పంపండి. పేర్లు, వయసులు, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు, కార్డులు ఎవరి దగ్గర, తమ్ముడిని ఎందుకు పంపలేదు, బట్టీకి దారి ఎలా, ఇవి ఉంటే చాలు. సొంత మాటల్లో రాయండి. 1983లో ఫరీదాబాద్ రాతి క్వారీల కూలీల విషయంలో ఒక ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుని తీర్పిచ్చింది. పోలీసు ఫిర్యాదు ఆదోనిలోనే ఇవ్వొచ్చు. మా పరిధి కాదు అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగండి. అందులో 1976 చట్టంతో పాటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, తమ్ముడు మైనరు కాబట్టి బాలల న్యాయ చట్టం 79వ సెక్షన్, మనుషుల అక్రమ రవాణాకు, పాత ఐపీసీకి బదులుగా వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కోరండి. ఇవి ఎందుకు ముఖ్యమంటే, 1976 చట్టంలో జరిమానా ఇప్పటికీ రెండు వేలే, నేరం బెయిలబుల్. యాభై ఏళ్లుగా ఆ అంకెను ముట్టుకోకపోవడం నాకు మింగుడుపడదు.

మేస్త్రీకి ముందుగా ఫోన్ చేసి నిలదీయొద్దు. రాత్రికి రాత్రి ఇంకో బట్టీకి తరలిస్తారు. వానలు మొదలై బట్టీ మూతపడకముందే విచారణ జరగాలి. కొందరు ఊరి పెద్దమనుషులతో రాజీ చేయించి, ఎంతో కొంత కట్టి మనుషులను తెచ్చుకుంటారు. ప్రాణాలు దక్కాయన్న తృప్తి ఉంటుంది కానీ, వెట్టి నుంచి విడిపించామని అధికారులిచ్చే విడుదల పత్రం రాదు. ఆ తర్వాత విచారణ అడగవచ్చు గానీ అప్పటికి సాక్ష్యాలు చెదిరిపోతాయి. పునరావాసమంతా ఆ పత్రం మీదే ఆధారపడుతుంది. కేంద్ర పథకం కింద తక్షణ సాయం 30 వేల దాకా వస్తుంది. ఆ తర్వాత మహిళలకు, పిల్లలకు 2 లక్షలు, మగవాళ్లకు లక్ష. కేసు తేలలేదన్న కారణంతో తక్షణ సాయం ఆపకూడదు.

లాయరు ఫీజు గురించి ఆలోచించవద్దు. ఎస్సీలకు, మహిళలకు, పిల్లలకు, వెట్టి బాధితులకు ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదోని కోర్టు ఆవరణలో మండల న్యాయసేవల కమిటీని కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అధికారులు బట్టీకి వెళ్లిన రోజు వీలైతే మీరూ వెళ్లండి. కుటుంబానికంతా కలిపి ఒకే పత్రం రాస్తామంటే ఒప్పుకోకండి. విడుదల పత్రం అమ్మ పేరిట ఒకటి, తమ్ముడి పేరిట ఒకటి విడివిడిగా అడిగి, సంతకం, ముద్ర చూసుకున్నాకే అక్కడి నుంచి కదలండి.