సముద్రం గ్యాస్ పనికి వెళ్తున్న బిడ్డకు

బిడ్డా,

కాకినాడ దగ్గర సముద్రంలో గ్యాస్ ఫీల్డ్ డెవలప్‌మెంట్ టీమ్‌లో నీకు ఉద్యోగం వచ్చిందని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమైంది. హన్మకొండ నుంచి ఆ పనికి వెళ్లే ఆడపిల్లలు ఇంకా తక్కువే. నేను ఆ పనిలోనే రిటైరైనవాణ్ని కాబట్టి, నువ్వు చేరకముందే కొన్ని మాటలు చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యం, భూమి కింద ఎంత గ్యాస్ ఉందని చెప్పే అంకెను తొందరపడి నమ్మకు. బోరు వేసిన రోజు ఎగజిమ్మిన నీళ్లు చూసి పొలమంతా నాటు పెట్టిన రైతులకు ఎండాకాలంలో ఏమైందో నీకు తెలుసు. నువ్వు వెళ్లే వైపే సముద్రంలో ఉన్న కేజీ-డీ6 అనే గ్యాస్ ఫీల్డ్‌లోనూ అదే జరిగింది. 2002లో గ్యాస్ దొరికింది, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని ప్లాన్ వేశారు. 2010లో 6 కోట్లు దాటి, అక్కడి నుంచి దిగడం మొదలైంది. బావుల్లోకి నీళ్లు, ఇసుక వచ్చాయి. ఆ గ్యాస్‌ను నమ్ముకుని ఆంధ్రలో కట్టిన కరెంటు ప్లాంట్లు ఖాళీగా నిలబడ్డాయి. అప్పులిచ్చిన బ్యాంకులకూ టెన్షన్ తప్పలేదు.

అందుకే మొదటి ఏడాది వీలు దొరికినప్పుడల్లా భూమి కింద గ్యాస్ ఎంతుందో లెక్కగట్టే రిజర్వాయర్ వాళ్ల దగ్గర కూర్చో. దొరికిన గ్యాస్ ఎంతో తేల్చుకోవడానికి వేసే అప్రైజల్ బావులు ఎన్ని తవ్వారు, టెస్టులో ప్రెషర్ ఎంత త్వరగా పడింది, గ్యాస్ కింద నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయి అని అడుగు. వాళ్ల దగ్గర తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు అంచనాలుంటాయి. మీటింగుల్లో మధ్యదే చూపిస్తారు. తక్కువ అంచనా నిజమైతే కూడా పెట్టిన డబ్బు తిరిగొస్తుందా అని నువ్వు అడుగు. కొత్తపిల్ల అడిగిందని ఎవరైనా విసుక్కున్నా వెనక్కి తగ్గకు. అదే కేజీ-డీ6లో తర్వాత ఆర్-క్లస్టర్ అనే బావుల గుంపును 2020 డిసెంబర్‌లో, ఇంకో రెండింటిని 2021లో, 2023లో ఒకటొకటిగా తెచ్చారు. అవన్నీ కలిసి దేశంలో తయారయ్యే గ్యాస్‌లో సుమారు 30 శాతం ఇచ్చే స్థాయికి వచ్చాయి. దశలవారీగా పోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇక సముద్రం సంగతి. ఆర్-క్లస్టర్ ఉన్నచోట నీళ్ల లోతే 2000 మీటర్ల పైన. అక్కడికి డైవర్ దిగలేడు, రోబోలతోనే పని. అడుగున చలి, దానికి తోడు ప్రెషర్. తడి గ్యాస్ అక్కడ మంచులాగా గడ్డకట్టి పైపును మూసేస్తుంది. దాన్ని హైడ్రేట్ అంటారు. అది కట్టకుండా పైపులోకి గ్లైకాల్ అనే ద్రవం ఎక్కిస్తూ ఉంటారు. ఆ పంపుల సంగతి బాగా నేర్చుకో. బంగాళాఖాతంలో పైపులు వేసే పని ఎక్కువగా జనవరి నుంచి మే దాకానే సాగుతుంది. ఒక్క వాల్వు ఆలస్యంగా వస్తే ఏడాదే పోవచ్చు, కాబట్టి ఆర్డర్ల ఫైలు మీద ఓ కన్నేసి ఉంచు.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. కోనసీమలోని పాసర్లపూడిలో 1995లో గ్యాస్ బావి నుంచి ఎగసిన మంట ఆరడానికి రెండు నెలలు పైగా పట్టింది. అక్కడే నగరం అనే ఊళ్లో 2014లో గ్యాస్ పైపులైన్ పేలి ఊరివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండూ నేల మీద జరిగినవే, గ్యాస్ మాత్రం అదే. పర్మిట్ లేకుండా ఎంత పెద్ద సారు చెప్పినా వాల్వు ముట్టకు. మత్స్యకారులతో మర్యాదగా మాట్లాడు, మనం పనిచేసేది వాళ్ల వేట చోట్లలోనే.

చేరేముందు ఒకరోజు కాజీపేటలో రైలెక్కి రామగుండం పోయి రా. అక్కడి పాత ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గుతో నడిచేది, 1999లో మూతబడింది. ఇప్పుడున్న కొత్తది గ్యాస్‌తో నడుస్తుంది, 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. గ్యాస్ ఆంధ్ర వైపు నుంచి వచ్చే పైపులైన్‌లో వస్తుంది. అక్కడ గ్యాస్ మంటకే కాదు, అమ్మోనియాకు ముడిసరుకు కూడా. యూరియా ఖర్చులో ఎక్కువ భాగం దానిదే. 45 కిలోల బస్తా రైతుకు 270 రూపాయల లోపే దొరుకుతోంది, మిగతాది ప్రభుత్వం సబ్సిడీగా భరిస్తోంది. దేశానికి కావలసిన గ్యాస్‌లో దాదాపు సగం ఓడల్లో తెచ్చుకుంటున్నాం, డాలర్లు పోసి. మన సముద్రంలో తగ్గిన ప్రతి ఘనపు మీటరూ అటు దిగుమతి బిల్లులో, ఇటు సబ్సిడీ లెక్కలో కనబడుతుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం మన రైతులు సొసైటీల ముందు చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారు. వాళ్ల కోసమైనా నీ అంకెలు నిజంగా ఉండాలి.

హెలికాప్టర్ నీళ్లలో పడితే బయటపడే శిక్షణ నీకు తప్పకుండా ఇస్తారు. ఈత రాకపోతే ఇప్పుడే నేర్చుకో. శిక్షణ తేదీ తెలియగానే ఫోన్ చెయ్, నా పాత నోట్సులు మీ బాపుతో పంపిస్తా.

మీ పెద్దబాపు