టైమ్ దొరికితేనే వ్యాయామమా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోడు: వ్యాయామం మొదలుపెట్టడం తేలికే, నిలబెట్టుకోవడమే కుదరడం లేదని. వాటిలోంచి ఐదు ప్రశ్నలు.

ప్ర: ఇప్పటికి నాలుగుసార్లు మొదలుపెట్టాను. రోజూ గంట చేయాలని కూర్చుంటాను. రెండు మూడు వారాలు బాగానే సాగుతుంది. ఆఫీసులో పని నెత్తిన పడగానే ఆగిపోతుంది. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందంటారు, నాకెందుకు కావడం లేదు? – ఒక ఉద్యోగి

జ: ముందు ఆ 21 రోజుల లెక్క పక్కన పెట్టేయండి. శస్త్రచికిత్సతో మారిన ముఖానికి అలవాటు పడటానికి తన రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాశారు. పోనుపోను ‘కనీసం’ రాలిపోయింది, ముఖం సంగతి వ్యాయామానికి అంటుకుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలపాటు గమనించి 2009లో ప్రచురించిన లెక్క వేరుగా ఉంది. కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి 18 నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని వాళ్లు అంచనా వేశారు (12 వారాలు దాటిన రోజులు లెక్కకట్టి చెప్పినవి). మధ్యస్థం 66 రోజులు, అంటే సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి ఎక్కువ. తిండికీ నీళ్లకీ సంబంధించిన అలవాట్లకంటే వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. అంటే మూడోవారంలో మీకింకా బద్ధకంగా ఉంటే అందులో వింతేమీ లేదు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటానికి పెద్దగా అడ్డు రాలేదన్నది కూడా అదే అధ్యయనం చెప్పిన మాట.

మీ దగ్గర అసలు చిక్కు ఆ గంటే. గంట ఖాళీ ఉన్న వారాన్ని చూసుకుని పథకం వేశారు, అది లేని వారంలో పథకమే లేకుండా పోయింది. గడిచిన నెలలో అన్నిటికంటే ఊపిరాడని వారం ఏదో గుర్తుచేసుకుని, ఆ వారంలో కూడా ఏది చేయగలిగేవారో అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టండి.

వ్యాయామాన్ని రెండు సైజుల్లో రాసి పెట్టుకోండి. పెద్దది 30 నిమిషాలు. చిన్నది 8 నిమిషాలు, ఇలా: ఉన్నచోటే వేగంగా అడుగులు వేస్తూ 1 నిమిషం, బస్కీలు 10, గోడకు చేతులానించి పుషప్స్ 10, ప్లాంక్ (బోర్లా ఉండి మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లంతా తిన్నగా నిలిపి ఉంచడం) 20 సెకన్లు, అర నిమిషం విశ్రాంతి, మళ్లీ మొదటి నుంచి ఇంకోసారి. మిగిలిన సమయం ఆయాసం తీర్చుకోవడానికి. పని ముంచుకొచ్చిన రోజు చిన్నది చేసి వదిలేయండి. ఒకరోజు పూర్తిగా తప్పితే తప్పింది, రెండోరోజు మాత్రం కనీసం ఆ 8 నిమిషాలు తప్పనివ్వకండి. ఒకరోజు మానేసినవాళ్లు తేలిగ్గా తిరిగొస్తారు, వరసగా నాలుగు రోజులు మానేసినవాళ్లు వచ్చే సోమవారం కోసం ఎదురుచూస్తారు.

ఇక ఎప్పుడు చేయాలన్నది. ‘సాయంత్రం చేస్తాను’ అనుకుంటే సాయంత్రం జారిపోతూనే ఉంటుంది. గడియారానికి బదులు ఎలాగూ జరిగే ఒక పనికి కట్టేయండి: ఇంటికి రాగానే బట్టలు మార్చుకునేటప్పుడు వ్యాయామం బట్టలే వేసుకోవడం, వెంటనే మొదలుపెట్టడం. మధ్యలో సోఫా, ఫోన్ రాకూడదు. వరస తప్పిందా, ఆ పూటకి అంతే!

ప్ర: చంటిబిడ్డ తల్లిని. ఒక్కసారిగా అరగంట దొరకదు. పది, ఐదు నిమిషాల ముక్కలుగా చేస్తే లెక్కలోకి వస్తుందా? – ఒక గృహిణి

జ: నిక్షేపంగా వస్తుంది. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. 2020 మార్గదర్శకాల్లో ఆ షరతు తీసేసింది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం గానీ, 75 నుంచి 150 నిమిషాల తీవ్రమైనది గానీ కావాలి. దాంతోపాటు కండరాలకు పనిచెప్పే కసరత్తు వారానికి కనీసం 2 రోజులు.

ఓ మోస్తరు అంటే ఎంత? మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే అది తీవ్రమైనది. ఈ కొలత పెట్టుకుంటే తాపీగా చేసే ఇంటిపని లెక్కలోకి రాదనీ, బిడ్డనెత్తుకుని గబగబా మెట్లెక్కడం వస్తుందనీ మీకే తెలుస్తుంది. బస్కీలు ఉదయం ఒక సెట్, మధ్యాహ్నం ఒక సెట్ చేసుకున్నా పర్వాలేదు. ముక్కలతో వచ్చే ఇబ్బంది ఒక్కటే, చేశామో లేదో గుర్తుండదు. గోడ మీద క్యాలెండర్‌లో ఒక్కో ముక్కకి ఒక్కో గీత పెట్టండి. ప్రసవమై ఎక్కువ కాలం కాకపోతే, ముఖ్యంగా ఆపరేషన్ అయితే, డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టండి.

ప్ర: మొదటిరోజు ఉత్సాహంగా 60 బస్కీలు తీశాను. మర్నాటి నుంచి మెట్లు దిగలేకపోయాను. లాక్టిక్ ఆమ్లం పేరుకుందన్నారు. భయమేసి మానేశాను. – ఒక విద్యార్థి

జ: ఆరంభశూరత్వానికి తొడలు కట్టిన జరిమానా అది. లాక్టిక్ ఆమ్లానికి ఈ పాపం అంటదు, వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో దాని మోతాదు మామూలుకి వచ్చేస్తుంది. అలవాటు లేని కండరం సాగుతూ బరువు మోసినప్పుడు అందులో సూక్ష్మమైన దెబ్బలు తగులుతాయి. బస్కీలో కిందికి దిగేటప్పుడు జరిగేది ఇదే. ఆ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదిరి, తర్వాత తగ్గిపోతుంది. అదే కసరత్తు రెండోసారి చేస్తే ఇంత నొప్పి రాదు. అందుకే మానేయడం కంటే తగ్గించి మళ్లీ చేయడమే మందు.

మొదటివారం కుర్చీ ముందు నిలబడి, పిరుదులు కుర్చీకి తగిలేదాకా దిగి లేవండి. 8 సార్లు, ఒకే సెట్, రోజు విడిచి రోజు. రెండోవారం రెండు సెట్లు. ఆ తర్వాత వారానికి సెట్‌కి రెండేసి పెంచుకుంటూ పోండి. ఇంకో రెండు మూడు తీయగలిగే ఓపిక ఉండగానే ఆపాలి. మడమలు లేస్తున్నా, మోకాళ్లు లోపలికి వాలుతున్నా పెంచకండి. 15 చొప్పున మూడు సెట్లు సులువైతే కుర్చీ తీసేయండి.

కండరమంతా మొద్దుగా, రెండువైపులా నొప్పి ఉంటే ఫర్వాలేదు. కీలులో పొడిచినట్టున్నా, ఒకవైపే ఉన్నా, వాపు వచ్చినా ఆపేయండి. విపరీతమైన నొప్పితో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. కండరం చితికి, ఆ వ్యర్థాలు మూత్రపిండాల మీద పడుతున్నాయనడానికి అది గుర్తు.

ప్ర: ప్రయాణాలతో మూడు వారాలు గండి పడింది. చేసిందంతా పోయినట్టేనా?

జ: బలం పెద్దగా పోదు. ముందుగా తగ్గేది దమ్ము, రెండు వారాలు దాటితే మెట్లెక్కేటప్పుడే తెలిసిపోతుంది. వారం లోపు విరామమైతే ఆపినచోటే అందుకోండి. మీలా రెండు మూడు వారాలైతే మొదటివారం సగం సెట్లు, రెండోవారం ముప్పావు వంతు, మూడోవారానికి పాత లెక్క. నెల దాటితే కింది నుంచే మొదలుపెట్టండి, ఈసారి త్వరగా ఎక్కుతారు. పోయిన రోజుల బాకీ తీర్చాలని రెట్టింపు చేసేవాళ్లే పిక్కలు పట్టేసి మళ్లీ మంచమెక్కుతారు. విరామం జ్వరం వల్లైతే, అది పూర్తిగా తగ్గి ఒళ్లునొప్పులు పోయేదాకా ఏమీ వద్దు.

ప్ర: రాత్రి పదింటికే వీలవుతుంది. తప్పా?

జ: తప్పేం లేదు. ఉదయమా, రాత్రా అన్నది కండరానికి పట్టదు. గుండె దడదడలాడేంత తీవ్రంగా చేస్తే మాత్రం పడుకోవడానికి ముందు గంటైనా వ్యవధి ఉంచండి, లేదంటే నిద్ర పట్టకపోవచ్చు. తేలికపాటి కసరత్తుకి ఆ బెంగ లేదు. పన్నెండింటికి పడుకుని అయిదింటికి అలారం పెట్టుకోవడం కంటే మీ పదిగంటల పద్ధతే నయం.