కారుతున్న డాబాకు పర్సనల్ లోనా?

ప్రశ్న: మల్కాజిగిరిలో మాకు ఇరవై రెండేళ్ల కిందట కట్టిన ఇల్లుంది. కింద మేముంటాం, పై వాటా నెలకు 14,000 కిరాయికి ఇచ్చాం. పోయిన వానాకాలం పై వాటా వంటింట్లో స్లాబు కారింది. వాన వెలిసిన రెండు రోజుల దాకా బొట్టు పడుతూనే ఉండేది. కాంట్రాక్టరు మొత్తం బాగుచేయడానికి 1,80,000 అడుగుతున్నాడు, లెక్క జత చేశాను. పాప పైచదువుకని వేసిన 3 లక్షల ఎఫ్‌డీ డిసెంబరులో చేతికొస్తుంది. సేవింగ్స్‌లో లక్ష దాకా ఉంది. మావారు పర్సనల్ లోన్ తీసుకుందామంటున్నారు, నేను దసరా దాకా ఆగుదామంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: పని ఇప్పుడే చేయాలన్న మీవారి మాట సరైనదే. కాకపోతే మొత్తం పని కాదు. ఆగుదామన్న మీ మాటా సరైనదే, కానీ అది స్లాబుకు వర్తించదు. మీరు పంపిన లెక్కను విడదీసి చూస్తే సంగతి తేలిపోతుంది.

అందులో బయటి గోడల పెయింటింగే 85,000. డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ 48,000, పిట్టగోడ పగుళ్లూ ప్లాస్టరింగూ 14,000, వాననీటి పైపులు 5,000, వంటింటి సీలింగ్ బాగుచేసి రంగు వేయడానికి 18,000. చివర్లో 'ఇతర ఖర్చులు' అని ఒక 10,000. ఆ చివరి పద్దు దేనికో ముందు కాగితం మీద రాయించండి. రాయలేకపోతే కొట్టేయించండి.

వానలు పడేలోపు కావలసినవి డాబా, పిట్టగోడ, పైపులు. మొత్తం 67,000. పగులు తవ్వాక ఇంకేదో బయటపడుతుంది కాబట్టి 70,000 అనుకోండి. పొడి స్లాబు మీద వేస్తేనే ఆ కోటింగ్ పట్టుకుంటుంది, అందుకే దీనికి దసరా దాకా ఆగకూడదు. రోహిణి కార్తె ఎండల్లో పగుళ్లు కూడా బాగా విచ్చుకుని కంటికి కనిపిస్తాయి. నాంపల్లిలో చేప ప్రసాదం పంచే రోజుకల్లా, అంటే మృగశిర వచ్చేలోపు, మేస్త్రీ కిందికి దిగిపోవాలి.

పెయింటింగ్ మాత్రం ఆగాలి. చెమ్మ పట్టిన గోడకు రంగు వేస్తే పొక్కులు లేస్తుంది. దసరా దీపావళి సీజన్లో పెయింటర్లు దొరకడం కష్టం, దొరికినా రేటు ఎక్కువ. సంక్రాంతి దాటాక చూసుకోండి.

సీలింగ్ విషయంలో ఒక్క సంగతి చూడాలి. పెచ్చులూడిన చోట ఇనుప ఊచలు బయటపడ్డాయా? తుప్పు పట్టిన ఊచ ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతూ పోతుంది. అలా ఉంటే నేను పైన చెప్పిన వరుస పక్కన పెట్టి, ముందు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించండి. ఊచలు కనపడకపోతే సీలింగ్‌కు ఇప్పుడు రంగు వేయించకండి. ఆ మరక అలాగే ఉండనిచ్చి, దాని అంచు వెంట పెన్సిల్‌తో గీత గీయండి. ఈ వానాకాలంలో మరక గీత దాటితే డాబా పని సరిగ్గా జరగలేదన్నమాట. రంగు వేసేస్తే ఆ సాక్ష్యం పోతుంది, కాంట్రాక్టరుకు కావలసిందీ అదే!

మరొకటి. వంటింటి పైనే మీ నీళ్ల ట్యాంకు ఉందేమో చూడండి. ట్యాంకు కిందో, ఓవర్‌ఫ్లో పైపు దగ్గరో చెమ్మ ఉంటే కోటింగ్ ఎంత వేసినా లాభం లేదు. ఎండ వేడిని తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్ వేస్తే కారడం కూడా ఆగుతుందని చెప్పేవాళ్లున్నారు. రాష్ట్రంలో 2023లో కూల్ రూఫ్ విధానం వచ్చాక ఈ మాట మరీ ఎక్కువైంది. వేడి తగ్గించడం వేరు, నీళ్లు ఆపడం వేరు. డబ్బా మీద రెండూ రాసి ఉంటేనే నమ్మండి.

ఇక డబ్బు. 1,80,000 పర్సనల్ లోన్ 13 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 6,065, వడ్డీయే 38 వేలు దాటుతుంది. దాని బదులు సేవింగ్స్‌లోంచి 20,000 తీయండి. మిగతా 50,000కు ఎఫ్‌డీని విరగ్గొట్టకుండా దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఎఫ్‌డీని హామీగా పెట్టి కావలసినంత వాడుకునే అప్పు, తీసుకోండి. మీకొచ్చే ఎఫ్‌డీ వడ్డీకి సాధారణంగా ఒకటో రెండో శాతం కలిపి వసూలు చేస్తారు, వాడుకున్న మొత్తానికే వడ్డీ. (అది పన్ను మినహాయింపు కోసం వేసిన ఐదేళ్ల ఎఫ్‌డీ అయితే ఈ సదుపాయం ఉండదు, చూసుకోండి.) కిరాయి రాగానే నెలకు 7,000 అందులో కట్టేస్తే డిసెంబరుకల్లా దాదాపు తీరిపోతుంది. 8 శాతం లెక్కన వడ్డీ 1,500 దాటదు. పాప డబ్బు పాపకే ఉంటుంది.

అప్పు తీరాక ఆ 7,000 ఆపకండి, నెలనెలా కట్టే ఆర్‌డీగా (రికరింగ్ డిపాజిట్) మార్చండి. ఏడాదికి 84,000 అసలే జమవుతుంది. ఒక్క సంక్రాంతి అదనంగా ఓపిక పడితే పెయింటింగ్ అప్పు లేకుండా అయిపోతుంది. ఆ తర్వాత నెలకు 3,000కు తగ్గించుకోవచ్చు, పూర్తిగా మానేయొద్దు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, కిరాయి ఆదాయంలోంచి ఇంటిపన్ను తీసేశాక మిగిలినదానిలో 30 శాతాన్ని ఆదాయపు పన్ను లెక్కలోంచి వదిలేస్తారు. కొత్త పన్ను విధానంలోనూ ఇది ఉంది. మీ విషయంలో అది ఏడాదికి 50 వేలకు కాస్త అటూ ఇటూ. మీరు మరమ్మతు చేయించినా చేయించకపోయినా అంతే, అందుకే ఈ 70,000 బిల్లు చూపించి వేరే మినహాయింపు అడగడానికి లేదు. చట్టం ఏటా ఇంటి కోసం అంత వదులుతుంటే, మనం ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిపేసి స్లాబు కారినప్పుడు బ్యాంకు మెట్లెక్కుతున్నాం.

పెద్దగా ఖర్చు లేని పనులు కొన్ని ఈ వారంలోనే కానివ్వండి. డాబా మీద ఎండుటాకులు ఊడ్పించి పైపుల నోళ్లు తీయించండి, కరెంటు తీగలకు తగిలే కొమ్మల సంగతి విద్యుత్ సంస్థకు చెప్పండి, సంపు మూత సరిగ్గా పడుతుందో చూడండి. ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంటుంది, రెండు బిందెలు పోయండి.

ఇంటికి బీమా లేకపోతే భారత్ గృహ రక్ష పాలసీ గురించి అడగండి. వరద, తుపాను, పిడుగు లాంటివి అందులోకి వస్తాయి. 2020 అక్టోబరు వరదలు చూసినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. కానీ పాతబడి స్లాబు కారడం బీమా కిందికి రాదు, ఆ ఖర్చు మనదే.

కాంట్రాక్టరుకు డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి. కోటింగ్ ఆరాక పైపుల నోళ్లు మూసి, వంటింటి మేర చిన్న కట్ట కట్టించి, ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి చూడండి. ట్యాంకర్ కొనుక్కునే రోజుల్లో డాబా అంతా నింపనక్కర్లేదు. చివరి 15,000 మొదటి పెద్ద వాన పడ్డాకే ఇస్తానని పని మొదలుపెట్టకముందే చెప్పండి, గ్యారంటీ ఎన్నేళ్లో బిల్లు మీద రాయించుకోండి. దానికి ఒప్పుకోకపోతే ఇంకో ఇద్దరిని పిలిచి రేటు అడగండి.