జర్మనీలో ఒకే ఇల్లు, రెండు పేర్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంటర్ నుంచి కలిసి చదువుకున్న స్నేహితుడూ నేనూ మాగ్డెబర్గ్‌లో ఎం.ఎస్.కు వెళ్తున్నాం. సెప్టెంబర్ చివరి వారంలో దిగుతాం. హాస్టల్ గది దొరకలేదు. రెండు వారాలకు హాలిడే ఫ్లాట్ తీసుకున్నాం. దిగాక ఏ పని ముందు, ఏది తర్వాత?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: ముందు అన్మెల్డుంగ్, అంటే ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు చేయించుకోవాలని చట్టం. పన్ను నంబరు, రెసిడెన్స్ పర్మిట్ దాని వెనకే వస్తాయి. పాస్‌పోర్టు, నింపిన ఫారం, ఇంకో కాగితం పట్టుకెళ్లాలి. మనవాళ్లు చిక్కుకునేది ఆ మూడో కాగితం దగ్గరే. 'ఫలానావారు నా ఇంట్లో చేరారు' అని ఇంటి యజమాని సంతకం చేసి ఇచ్చేది అది. పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. నోరు తిరక్కపోతే రాసి చూపించండి. అద్దె అగ్రిమెంటు చూపిస్తే సరిపోదు. హాలిడే ఫ్లాట్ల వాళ్లలో చాలామంది ఆ కాగితం ఇవ్వరు. మీ ఫ్లాటు వాళ్లు ఇస్తారో లేదో ఇవాళే మెయిల్ రాసి కనుక్కోండి. ఇవ్వం అంటే ఆ ఫ్లాటు తల దాచుకోవడానికి మాత్రమే పనికొస్తుంది, అసలు ఇంటి వేట విమానం ఎక్కకముందే మొదలుపెట్టాలి. నమోదుకు అపాయింట్‌మెంట్ కూడా ఇండియా నుంచే ఆన్‌లైన్‌లో తీసుకోండి, ఇద్దరికీ విడివిడిగా రెండు.

ఇల్లు వెతికేటప్పుడు ఒక్క మాట. 'నేను వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను' అన్నవాడు దొంగ. ఇల్లు మీరో, అక్కడున్న మీ మనిషో చూడకుండా ఒక్క యూరో పంపొద్దు.

ఇక డబ్బు. బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలకు కొంత చొప్పునే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు (2024 సెప్టెంబర్ నుంచి ఉన్న మొత్తం) వేసినా, మీ చేతికొచ్చేది నెలకు 992. అదీ దిగిన రోజున రాదు. అక్కడ మామూలు బ్యాంకు ఖాతా తెరిచి, ఆ వివరాలు బ్లాక్డ్ అకౌంట్ వాళ్లకు పంపి, వాళ్లు సరిచూసుకున్నాకే మొదటి నెల డబ్బు కదులుతుంది. కొందరు అన్మెల్డుంగ్ కాగితం కూడా అడుగుతారు. అందుకే మూడు నాలుగు వారాల ఖర్చు, ఇంటి డిపాజిట్ కలుపుకుని తలా 1,500 యూరోలైనా ఫారెక్స్ కార్డులో ఉంచుకోండి. ఇద్దరి డబ్బూ ఒకే కార్డులో వేయొద్దు. అది బ్లాక్ అయిందంటే ఇద్దరూ పస్తే.

చాలామంది పట్టించుకోనిది పోస్టు డబ్బా. అక్కడ ఉత్తరాలకు ఫ్లాటు నంబరు ఉండదు, పోస్ట్‌మ్యాన్ డబ్బా మీది పేరు చూసి వేసి పోతాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు ఒక కవర్‌లో, పిన్ ఇంకో కవర్‌లో, 11 అంకెల పన్ను నంబరు మరో కవర్‌లో, అన్నీ పోస్టులోనే వస్తాయి. చేరిన రోజే ఇద్దరి ఇంటిపేర్లూ పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తోనే డబ్బా మీద, బెల్లు దగ్గర అంటించండి. మనకు పిలుపు పేరే పేరు, వాళ్లకు ఇంటిపేరే పేరు. 'రవి' అని అంటిస్తే రవికి ఉత్తరం రాదు.

30 ఏళ్ల లోపు విద్యార్థులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా నెలకు సుమారు 140–150 యూరోలు. యూనివర్సిటీలో పేరు నమోదుకు ఆరోగ్య బీమా తప్పనిసరి, ప్రయాణ బీమాతో పని జరగదు. రెసిడెన్స్ పర్మిట్‌కు వీసా గడువు తీరకముందే దరఖాస్తు వేయండి. కొన్ని ఊళ్లలో అపాయింట్‌మెంట్‌కే నెలలు పడుతుంది.

ప్రశ్న: నా ప్రాణస్నేహితురాలూ నేనూ రెండు గదుల ఫ్లాటు తీసుకోబోతున్నాం. అగ్రిమెంటు ఒక్కరి పేరు మీద రాయించుకుంటే పని తేలిక అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రాయించుకునే రోజు తేలికే. విడిపోయే రోజు చూడాలి.

ఒక్కరి పేరు మీదైతే ఆమె ప్రధాన అద్దెదారు, రెండో ఆమె మొదటి ఆమె కింద అద్దెకున్నట్టు. అందుకు యజమాని అనుమతి కావాలి, దాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. రెండో ఆమె డబ్బు ఇవ్వకపోయినా యజమాని మొదటి ఆమెనే అడుగుతాడు. మొదటి ఆమె ఇల్లు ఖాళీ చేస్తే రెండో ఆమె కూడా సర్దుకోవాల్సిందే.

ఇద్దరి పేర్ల మీదైతే అద్దె మొత్తానికీ ఇద్దరూ బాధ్యులు. 'నా సగం కట్టేశాను' అంటే కుదరదు, మిగతా సగమూ మిమ్మల్నే అడగొచ్చు. ఖాళీ చేస్తామని నోటీసు ఇవ్వాలన్నా ఇద్దరూ కలిసే సంతకం చేయాలి. మామూలు ఒప్పందంలో నోటీసు మూడు నెలలు. నెలలో మూడో పనిదినం లోపు అందితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది, ఒక్క రోజు దాటినా ఇంకో నెల అద్దె పడుతుంది. ఏడాది తిరక్కముందే ఒకరికి మ్యూనిక్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చి, ఇంకొకరు అక్కడే ఉండిపోవడం మామూలే. అసలు పేచీ అప్పుడే వస్తుంది.

మొదటి ఏడాదికి విద్యార్థి హాస్టల్లో పక్కపక్క గదులు, చెరో ఒప్పందం దొరికితే అంతకన్నా మంచిది లేదు. ఫ్లాటే అయితే ఇద్దరి పేర్లూ రాయించి, మీ ఇద్దరి మధ్య ఒక పేజీ రాసుకోండి: డిపాజిట్ ఎవరు ఎంత ఇచ్చారు, ఒకరు వెళ్లాల్సొస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలి, బదులు మనిషిని ఎవరు వెతకాలి. స్నేహితుల మధ్య కాగితమేమిటని మొహమాటపడొద్దు. ఇది రాసుకోలేని మొహమాటమే తర్వాత మాటలు మానేసే దాకా తీసుకెళ్తుంది.

లెక్కకు ఒక ఉదాహరణ. కరెంటు, హీటింగ్ లాంటివి కలపని అద్దె (కాల్ట్‌మీట) 450, కొన్ని ఖర్చులు కలిపింది (వార్మ్‌మీట) 600 అనుకుందాం. డిపాజిట్ మూడు కాల్ట్‌మీటలకు, అంటే 1,350 యూరోలకు మించి అడగకూడదు. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. మొదటి నెల 600, తొలి వాయిదా 450, మొత్తం 1,050. తలా 525. వార్మ్‌మీటలో కరెంటు, ఇంటర్నెట్ చాలాచోట్ల ఉండవు, అడిగి తెలుసుకోండి. ఇంకో వింత, ఖాళీ ఫ్లాటంటే నిజంగానే ఖాళీ. కొన్నింట్లో స్టవ్, సింకు కాదుగదా, పైకప్పుకు బల్బు హోల్డరు కూడా ఉండదు. తాళాలు తీసుకునేటప్పుడు గోడల మీది గీతలు, మీటరు రీడింగులు ఫొటో తీసి, అప్పగింత కాగితంలో రాయించండి. డిపాజిట్ తిరిగొచ్చేది ఆ ఫొటోల వల్లే.

ప్రశ్న: మా అబ్బాయి, వాడి స్నేహితుడు కలిసి వెళ్తున్నారు. నెయ్యి, పచ్చళ్లు, కుక్కరు, మిక్సీ పంపొచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: నెయ్యి వద్దండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం సామానులో తీసుకురాకూడదు. పాలకోవా, చికెన్ పచ్చడి కూడా అందులోకే వస్తాయి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా వద్దు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడులు పంపొచ్చు. పచ్చడిపైన నూనె కాస్త తగ్గించి, మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టండి.

మిక్సీ పని చేస్తుంది. అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లే. మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం పట్టదు, అడాప్టర్ కావాలి. కుక్కరు అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే ఇండక్షన్ స్టవ్ మీద అది వేడెక్కదు. ఒకరు కుక్కరు, ఒకరు మిక్సీ తీసుకెళ్తే బరువు తగ్గుతుంది. సామాను పంచుకోవచ్చుగానీ సర్టిఫికెట్లు, అడ్మిషన్ లెటరు, బీమా కాగితాలు మాత్రం ఎవరివి వాళ్ల చేతి సంచిలోనే ఉండాలి. మందులకు డాక్టరు చీటీ జత చేయండి.

ప్రశ్న: ఇల్లు నమోదయ్యాక మా ఇద్దరికీ చెరో ఉత్తరం వచ్చింది, రేడియో, టీవీ ఫీజు కట్టమని. మాకు టీవీయే లేదు. మోసమా?
– ఇద్దరు మిత్రులు, డ్రెస్‌డెన్

జవాబు: మోసం కాదు. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికొక ఫీజు, నెలకు 18.36 యూరోలు, మూడు నెలలకోసారి 55.08. అది మనిషికి కాదు, ఇంటికి. ఒకరు నమోదు చేసుకుని కట్టండి. రెండోవారు తమకొచ్చిన ఫారంలో మొదటివారి తొమ్మిది అంకెల నంబరు రాసి పంపితే సరి. ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేస్తే బకాయి పెరుగుతూ పోతుంది.

ప్రశ్న: నవంబర్లో గది మూలల్లో నల్లగా బూజు పట్టింది. మా వంటే కారణమని యజమాని అంటున్నారు.
– ఒక పాఠకుడు, కెమ్నిట్స్

జవాబు: కారణం ఆవిరి. అన్నం, పప్పు ఉడికినప్పుడు వచ్చేదీ, గదిలో ఆరేసిన బట్టలదీ కలిసి చల్లటి బయటి గోడ మీద నీరవుతుంది. కిటికీని పైనుంచి కాస్త వాల్చి గంటలకొద్దీ ఉంచితే గోడ ఇంకా చల్లబడుతుంది, బూజూ పెరుగుతుంది. రోజుకు రెండు మూడుసార్లు, వంటయ్యాక తప్పకుండా, కిటికీ పూర్తిగా తెరిచి 5–10 నిమిషాలు ఉంచి మూసేయండి. ఆ కాసేపు హీటరు ఆపండి. మిగతా సమయంలో దాని మీట 3 దగ్గర ఉంచితే సుమారు 20 డిగ్రీలు ఉంటుంది. డబ్బు మిగులుతుందని హీటరు అసలు వేయకపోతే గోడలు తడి ఆరవు. మంచం, బీరువా బయటి గోడకు ఐదారు సెంటీమీటర్లు దూరం జరపండి. ఇప్పుడున్న బూజు ఫొటో తీసి, యజమానికి తేదీతో రాతపూర్వకంగా తెలియజేయండి. గోడలోంచే నీరు ఊరుతోందేమో చూసుకోవాల్సింది ఆయన.