టెక్ సందేహాలు: ట్యాబ్ మీద పెన్నుతో పాఠం

ప్రశ్న: ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ చెబుతాను. సుద్దపొడి పడక దగ్గు పట్టుకుంది. పెన్నుతో రాసే ట్యాబ్ కొందామని డాబాగార్డెన్స్‌లో అడిగితే, ‘ఏ ట్యాబ్ అయినా తీసుకోండి, 150 రూపాయల స్టైలస్ పెట్టుకుంటే చాలు’ అన్నారు. నిజమేనా? – ఒక లెక్చరర్, గాజువాక

జవాబు: ఆ స్టైలస్‌తో రాయొచ్చు గానీ మీ పనికి అది చాలదు మాస్టారూ. రబ్బరు మొన ఉన్న స్టైలస్‌కీ మీ వేలికీ ట్యాబ్ తేడా చూడదు. అరచెయ్యి ఆనగానే అక్కడా గీత పడుతుంది, లేదా పేజీ జరిగిపోతుంది. చెయ్యి గాల్లో పెట్టి గంటసేపు రాయడం ఎవరివల్లా కాదు. మన వైజాగ్ ఉక్కపోతలో చేతి చెమట కూడా తోడైతే ఇంకా ఇబ్బంది.

మీకు కావాల్సింది యాక్టివ్ పెన్ను, అంటే వేలి నుంచి వేరుగా ట్యాబ్ గుర్తుపట్టగలిగే పెన్ను. ట్యాబ్ కంటే ముందు పెన్ను చూసి ఎంచుకోండి. శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ లాంటివాటికి ఎస్ పెన్ పెట్టెలోనే వస్తుంది. అందులో బ్యాటరీ ఉండదు, ఛార్జింగ్ బెడద లేదు. స్క్రీన్ కింద పుట్టే అయస్కాంత క్షేత్రం నుంచే దానికి శక్తి అందుతుంది. మొన ఇంకా స్క్రీన్‌కి తగలకముందే ట్యాబ్ దాన్ని పసిగట్టి, మీ అరచేతిని పట్టించుకోవడం మానేస్తుంది. ఐప్యాడ్ తీసుకుంటే దాని పెన్ను ‘ఆపిల్ పెన్సిల్’ వేరుగా కొనాలి. యూఎస్‌బీ-సి ఆపిల్ పెన్సిల్‌లో ఒత్తి రాస్తే గీత లావయ్యే సదుపాయం లేదు. అది బొమ్మలు వేసేవాళ్లకు లోటే, లెక్కలకు మాత్రం అడ్డు కాదు.

షాపులోనే రెండు పరీక్షలు చెయ్యండి. అరచెయ్యి పూర్తిగా ఆనించి, ఇంటిగ్రల్ గుర్తు వేసి పైనా కిందా లిమిట్లు చిన్నగా రాయండి. తర్వాత స్కేలు పెట్టి మెల్లగా ఏటవాలు గీత గీయండి. గీత పాములా వంకర్లు పోతే ఆ పెన్ను వద్దు.

ప్రశ్న: ట్యాబ్‌లో రాసింది ప్రొజెక్టర్ మీద ఆలస్యంగా కనిపిస్తోంది. వైఫై మార్చినా అంతే. ఏం చెయ్యాలి? – ఇంజినీరింగ్ అధ్యాపకురాలు, మధురవాడ

జవాబు: మీరాకాస్ట్ (ట్యాబ్ తెరను వైరు లేకుండా ప్రొజెక్టర్‌కి పంపే పద్ధతి) మీద నడిపిస్తుంటే ఇంటర్నెట్ వేగంతో సంబంధం లేదమ్మా. ట్యాబ్, ప్రొజెక్టర్ నేరుగా మాట్లాడుకుంటాయి. బొమ్మను కుదించి పంపి, అవతల విప్పేసరికే కొంత సమయం పడుతుంది. వైరు వాడితే ఆ జాప్యం దాదాపు ఉండదు. అయితే కేబుల్ కొనేముందు ఒక్కటి చూసుకోండి: యూఎస్‌బీ-సి పోర్టు ఉన్నంత మాత్రాన అందులోంచి వీడియో రాదు. పైన చెప్పిన ఎస్6 లైట్‌లోనూ రాదు. మీ మోడల్ వివరాల్లో ‘డిస్‌ప్లేపోర్ట్’ అనే మాట ఉందో లేదో వెతకండి. లేకపోతే మీ ల్యాప్‌టాప్‌నే హెచ్‌డీఎంఐతో ప్రొజెక్టర్‌కి కలిపి, దానికి తెర లేని పెన్ ట్యాబ్లెట్, అంటే పెన్నుతో రాయడానికి మాత్రమే ఉండే పలక, తగిలించండి. హుయాన్, వాకమ్ కంపెనీల చిన్నవి తక్కువలోనే దొరుకుతాయి. పలక మీద రాస్తూ తెర వైపు చూడటం మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, కొన్నాళ్లు రాస్తే చెయ్యి అలవాటు పడుతుంది.

మీరు అడగకపోయినా ఇంకో మాట. ఈమధ్య ఒక మిత్రుడి క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ పాఠం. మొదట పూర్తి సర్క్యూట్ ఉన్న స్లైడ్ వేశాడు. పిల్లలు ఫోన్లో ఫొటో తీసుకుని తలలు దించేశారు. తర్వాత దాన్ని తీసేసి, ఖాళీ పేజీలో ముందు ట్రాన్సిస్టర్ ఒక్కటే గీశాడు. ‘బేస్‌కి వోల్టేజి ఎక్కణ్నుంచి?’ అని అడిగి ఆగాడు. ఎవరో ‘రెండు రెసిస్టర్లు’ అన్నాకే అవి వేశాడు. కెపాసిటర్ దగ్గరికి వచ్చేసరికి నా పక్కనున్న కుర్రాడు నోట్సులో ఆయనకంటే ముందే గీసేశాడు! పెన్ను గొప్పతనమంతా అక్కడే ఉందని నా నమ్మకం. సిద్ధం చేసిన స్లైడు మీద అండర్‌లైన్లు గీయడానికే అయితే మౌస్ చాలు. పవర్‌పాయింట్ వాడతానంటే ప్రతి రెండు స్లైడ్ల మధ్య ఒక ఖాళీ స్లైడ్ పెట్టుకోండి. స్లైడ్ షోలో కంట్రోల్, పి కలిపి నొక్కితే పెన్ను వస్తుంది.

ప్రశ్న: చిన్నపిల్లలకు అక్షరం ఎటు మొదలుపెట్టి ఎటు తిప్పాలో మళ్లీ మళ్లీ చూపించే వీలుందా? – తెలుగు టీచర్, పెందుర్తి

జవాబు: ఉంది. విండోస్‌లో నోట్సు రాసుకునే మైక్రోసాఫ్ట్ యాప్ వన్‌నోట్‌లో ‘ఘ’ను పెన్నుతో ఒకసారి నిదానంగా రాసి, ‘డ్రా’ మెనూలో ‘ఇంక్ రీప్లే’ నొక్కండి. మీరు రాసిన వరుసలోనే గీత గీతా మళ్లీ తెర మీద నడుస్తుంది. ‘ఝ’, ‘ఋ’ లాంటి తికమక అక్షరాలకు ఒక్కో పేజీ చేసిపెట్టుకుంటే ఏడాదంతా పనికొస్తాయి. చూపించాక పలకల మీద రాయించడం మాత్రం మానకండి.

ప్రశ్న: ఎస్ పెన్‌తో రాస్తుంటే స్క్రీన్ కుడివైపు ఒకే చోట గీత తెగిపోతోంది. స్క్రీన్ మార్చాలంటున్నారు. – ట్యూషన్ టీచర్, ఎంవీపీ కాలనీ

జవాబు: డబ్బు పెట్టకముందు ట్యాబ్ కవర్ తీసి చూడండి. మడిచి వెనక్కి తిప్పిన కవర్‌లో అయస్కాంతాలుంటే, అవి సరిగ్గా ఆ చోటే పెన్నును అయోమయపెడతాయి. కవర్ లేకుండా బల్ల మీద పెట్టి అక్కడే రాయండి. గీత సాఫీగా వస్తే కవర్ మార్చుకుంటే సరి. అప్పటికీ తెగుతుంటే ఇంకొకరి ఎస్ పెన్ అడిగి తీసుకుని అదే చోట గీయండి. దాంతోనూ తెగితేనే సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి.