మంచం దగ్గరికి పోకముందు

పాపా,

ఉద్యోగం మాని, కర్నూలు ఆసుపత్రుల్లో రోగుల తరఫున ఇన్సూరెన్సోళ్లతో కొట్లాడే పనికి దిగుతున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. తూకం తక్కువైందని ఎనిమిదేళ్లకే రేషన్ డీలర్‌ను నిలదీసిన పిల్లవి, గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు.

పాలసీ మొత్తం చదువు. 2024లో ఐఆర్‌డీఏఐ, అంటే బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ, ఇచ్చిన సర్క్యులర్ సంచిలో పెట్టుకో: క్యాష్‌లెస్‌కు, అంటే కంపెనీనే ఆసుపత్రికి నేరుగా కట్టేదానికి, గంటలో జవాబివ్వాల, డిశ్చార్జికి 3 గంటలు దాటకూడదు, కంపెనీ కమిటీ చూడకుండా క్లెయిమ్ తోసెయ్యకూడదు.

నేను ఇన్సూరెన్స్ డెస్కులో కూర్చున్న కొత్తలో పత్తికొండ పక్క నుంచి ఒక శెనక్కాయల రైతు వచ్చినాడు. షుగరు మనిషి. బొటనవేలి పక్కన పుండు, చుట్టూ చర్మం చింతగింజ రంగుకు తిరిగింది. చేర్చుకుని నరానికి మందు ఎక్కించాలని డాక్టరు రాసినాడు. కొడుకు కంపెనీ పాలసీ ఉంది. టీపీఏ నుంచి, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసేవాళ్ల నుంచి, జవాబొచ్చింది: చేర్చుకునే అవసరం లేదు, ఇంట్లో మాత్రలు చాలు. ఆ కాగితం పట్టుకుని నేను తిన్నగా మంచం దగ్గరికి పోయి, "అడ్మిషన్ అక్కర్లేదంట" అన్నా. ఎవరన్నారో చెప్పలేదు. డాక్టరుకు చూపించలేదు. ఆసుపత్రి మనిషిని కదా, నా నోట వచ్చింది డాక్టరు మాటే అనుకున్నారు. మధ్యాహ్నం బస్సుకు ఊరికి పోయినారు. పదకొండో రోజు ఆటోలో తెచ్చినారు. మోకాలి కింద తీసేయాల్సొచ్చింది. ఆ ఆపరేషన్‌కు ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బిచ్చింది. ఆయన భార్య నా బల్ల ముందు నిలబడి, "నువ్వే కదమ్మా అక్కర్లేదంటివి" అనింది. ఇప్పటికీ ఏ వార్డుకు పోయినా ముందు పాదాలే చూస్తా.

డబ్బు రాదనడం వేరు, వైద్యం అక్కర్లేదనడం వేరు. రోగిని చూడనోళ్ల కాగితాన్ని, రోగిని చూసిన డాక్టరు దగ్గరికే మొదట తీసకపో. జ్వరమెంత, షుగరెంత, పుండు ఎంత లోతు, ఇంటికి పంపితే ఏం ముప్పు, అన్నీ రాయించు. ఓపీ రద్దీలో విసుక్కుంటాడు. విసుక్కోనీ, కదలొద్దు. ఆలోపల మందు ఆగకూడదు. చేతిలో డబ్బుంటే కట్టి, తర్వాత రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోమను. లేకుంటే సర్కారు పెద్దాసుపత్రికి నువ్వే వెంటబెట్టుకుని పో.

కంపెనీకి ఫిర్యాదు పెట్టినాక 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చింది అన్యాయంగా ఉన్నా హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్, అంటే కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి, ఉన్నారు. 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏడాది మాత్రం దాటనీయొద్దు. ఆ దారి డబ్బుకే, పుండు అన్నాళ్లు ఆగదు.

వాళ్ల కోసం తిరుగుతా తిండి మానేస్తావు, నీ సంగతి నాకు తెలీదా? సద్ది కట్టుకుని పో. ఆదివారం రా, ఉగ్గాని చేస్తా. ఆ రైతు తర్వాత డాక్టర్ల చేత నేను రాయించిన లేఖల నకళ్లు ట్రంకులో ఉన్నాయి. పేర్లు కొట్టేసి పెట్టినా. కూర్చుని ఒక్కొక్కటీ చదువుదాం.

మీ అత్త