మోరీ తవ్వే ముందు నాలా అడుగు కొలవండి

"మా గల్లీలో మురుగు నిలుస్తోంది. ఇంటికింత వేసుకుని మోరీ మేమే కట్టుకోవచ్చా, ప్రభుత్వం కోసం ఆగాలా?" అని అడిగారు. కట్టుకోండి. మేము కట్టుకున్నాం. అయితే చందాల కోసం గడప గడపకూ తిరిగే ముందు ఆ నీళ్లు చివరికి ఎక్కడ పడతాయో తేల్చుకోండి.

మాది వరంగల్‌లో అండర్ రైల్వే గేటు వైపు 26 ఇళ్ల గల్లీ. పెద్దవాళ్లలో చాలామంది ఆజంజాహి మిల్లులో పనిచేసినవాళ్లు. మిగతావాళ్లు హమాలీలు, బీడీలు చుట్టేవాళ్లు. 2020 ఆగస్టు వరదకు మోకాళ్ల లోతు మురుగులో వంట చేసుకున్నాం. నీళ్లు తగ్గాక ఇంటికి 3,000 రూపాయలు అనుకుని, పొదుపు సంఘం లెక్కలు రాసే అక్క దగ్గర పెట్టాం. ఎవరు ఎంత ఇచ్చారో, గొట్టాలకు ఎంతయిందో ఆమె తన ఇంటి గోడ మీదే బొగ్గుతో రాసేది. ఆడవాళ్ల చేతిలో పెట్టిన చందా పక్కదారి పట్టదని నా గట్టి నమ్మకం.

గొట్టాలు వచ్చాయి, గల్లీ పొడవునా తవ్వేశాం. అప్పుడు మేస్త్రీ అడిగాడు: "కింద నాలా ఎంత లోతుంది?" ఎవరమూ చూడలేదు. నీళ్లు నింపిన లెవెల్ పైపు ఒక కొస నాలా దగ్గర ఒక పిల్లవాడు పట్టుకున్నాడు, రెండో కొస గల్లీ మొదట్లో నేను పట్టుకున్నాను. వంద అడుగులకు అడుగు వాలు ఇస్తూ పోతే, మా గొట్టం నాలాలోని పూడిక కంటే జానెడు కిందికి వెళ్తోంది. అంటే వాన పడితే మా నీళ్లు బయటికి పోవడం అటుంచి, నాలా నీళ్లే ఇళ్లలోకి వస్తాయి. చివరి ఇంట్లో ఉండే అవ్వ తన ఆసరా పింఛనులోంచి నాలుగు విడతలుగా చందా కట్టింది. ఆమె గుమ్మంలో నిలబడి అంతా విని, "అయితే నా ఇంట్లోకి వచ్చే నీళ్లకు నేనే డబ్బులిచ్చానా బిడ్డా?" అంది. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

19 రోజులు ఆ కందకం అలాగే ఉంది. గుమ్మాల ముందు చెక్కలు వేసుకుని దాటాం. అక్క, మరో ఐదుగురు ఆడవాళ్లు ఆ గోడను ఫోటో తీసి మున్సిపల్ ఆఫీసుకు పట్టుకెళ్లారు. "మా వంతు ఇది, పూడిక తీయడం మీ వంతు" అన్నారు. నాలుగోసారి వెళ్లాక జేసీబీ వచ్చింది.

ఈ వంతుల పద్ధతి పాతదే. పాకిస్తాన్‌లో కరాచీలోని ఓరంగి బస్తీలో సమాజ సేవకుడు అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో మొదలుపెట్టిన పని ఇలాగే నడిచింది. ఇంట్లో మరుగుదొడ్డి, గల్లీలో గొట్టం జనం ఖర్చు. పెద్ద కాలువ, శుద్ధి కేంద్రం ప్రభుత్వం బాధ్యత. 20, 30 ఇళ్లున్న గల్లీ ఒక జట్టు. ఖాన్, ఆయనతో పనిచేసినవాళ్లు జనానికి డబ్బు ఇవ్వలేదు. కొలతలు తీసి, ఖర్చు లెక్కగట్టి, పనిముట్లు ఇచ్చారు. మాకు లేనిదీ అదే, ముందుగా కొలిచి చెప్పే మనిషి.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త పొర పోసే అలవాటు పేదల ఇళ్లను ముంచుతోంది. మా నాన్న ఇల్లు కట్టినప్పుడు రెండు మెట్లు ఎక్కి లోపలికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగుతున్నాం. రోడ్డు వేశామని ఫోటోలు దిగేవాళ్లు ఒక్కసారి మా గడప చూడాలి. మీ గల్లీలో రోడ్డు పని వస్తే, పాతది తీయకుండా కంకర దించనివ్వకండి.

2023 జులై వానలకు నాలా పొంగి మా గల్లీలోకీ నీళ్లు వచ్చాయి, అబద్ధం చెప్పను. కానీ నాలా తగ్గిన పూటే అవీ పోయాయి. అవ్వ మంచం తడవలేదు.

మీ గల్లీ చివర నాలా ఉందా? ఉంటే పూడిక పైమట్టం మీ గల్లీలో అన్నిటికంటే పల్లంలో ఉన్న గడప కంటే ఎంత కింద ఉంది? మేస్త్రీతో కొలిపించి రాయండి, ఎన్ని అంగుళాల గొట్టం, ఎన్ని చాంబర్లు పడతాయో చెబుతాను.